తాటాకు కప్పు నుంచి గ్యాసుపొయ్యి వరకు: తెలుగునాట గృహాగ్ని నివారణ చరిత్ర

వ్యాససంగ్రహం:

నిప్పు లేనిదే ఇల్లు గడవదు. అదే నిప్పు అదుపు తప్పితే ఇల్లు మిగలదు. ఈ రెండింటి నడుమ కుటుంబాన్ని కాపాడుకోవడానికి సమాజం చేసిన ప్రయత్నాలకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలోని అగ్ని నివారణ నియమాలు, తెలుగునాట ఇంటికప్పుల స్వభావం, నిప్పును దాచుకొనే ఆచారాలు, అగ్గిపెట్టె, కిరసనాయిలు, గ్యాసు, విద్యుత్తుల రాకతో మారిన ప్రమాద స్వరూపం, వాటికి స్పందించిన చట్టాలు ఈ వ్యాసంలో పరిశీలించబడ్డాయి. ఇంధనం మారిన ప్రతిసారీ పాత జాగ్రత్త చాలకపోవడం, కొత్త జాగ్రత్త అలవాటయ్యేలోగా బలహీనులు బలికావడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గృహాగ్ని, అర్థశాస్త్రం, పూరిల్లు, పెంకుటిల్లు, కిరసనాయిలు, వరకట్న మరణాలు, అగ్నిమాపక శాఖ, వంటగ్యాసు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సామెతల్లో ఇల్లు కాలడం తరచుగా కనిపించే విషయం. “ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు” అనే సామెత ముందుచూపు లేనితనాన్ని వెక్కిరిస్తుంది. “ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్టకు నిప్పిమ్మని ఒకడడిగాడట” అనేది పొరుగువాని కష్టం పట్టనితనాన్ని ఎత్తిచూపుతుంది. “ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు” అనేది తొందరపాటును హెచ్చరిస్తుంది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చూస్తే గృహాగ్నికి సంబంధించిన మూడు మౌలికాంశాలు బయటపడతాయి. నీరు, పనిముట్లు ముందే సిద్ధంగా ఉండాలి. ఇరుగుపొరుగు పరుగున రావాలి. మనిషి తన చేతిలోని నిప్పును తాను అదుపులో ఉంచుకోవాలి. చరిత్రలో వచ్చిన శాసనాలు, ఆచారాలు, చట్టాలు ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి.

అగ్నిప్రమాదాల చరిత్ర అనగానే రేవుల్లో, కర్మాగారాల్లో, సినిమాహాళ్ళలో జరిగిన పెద్ద దుర్ఘటనలే ప్రస్తావనకు వస్తాయి. ఇంటిలోపల, పొయ్యి దగ్గర, దీపం దగ్గర జరిగినవి ఆ కుటుంబపు దుఃఖంగానే మిగిలిపోయాయి. వంటింటి నిప్పుతో నిత్యం మెలిగేది స్త్రీలు, వారి వెంట పిల్లలు. కనుక గృహాగ్ని చరిత్ర కొంతవరకు స్త్రీల చరిత్ర కూడా. కాలిన ఇళ్ళలో అధికభాగం పూరిళ్ళు కనుక అది పేదల చరిత్ర కూడా.

2. అర్థశాస్త్రంలో అగ్ని నివారణ:

అర్థశాస్త్రం మౌర్యుల కాలానిదని సంప్రదాయం. అది క్రీస్తుశకం తొలి శతాబ్దాల వరకు క్రమంగా రూపుదిద్దుకొన్నదని ఆధునిక పండితులు పలువురు భావిస్తారు. మైసూరులో ఆర్. శామశాస్త్రి 1905లో దీని తాళపత్ర ప్రతిని గుర్తించి, 1909లో ముద్రింపజేశారు. ఈ గ్రంథం రెండవ అధికరణంలో నగరపాలకుడైన నాగరికుని విధులను వివరించే అధ్యాయంలో గృహాగ్ని నివారణకు సంబంధించిన నియమాలు వరుసగా ఉన్నాయి.

వాటిలో మొదటిది కాలానికి సంబంధించినది. వేసవిలో పగటిని నాలుగు భాగాలు చేసి, నడిమి రెండు భాగాల్లో నిప్పు రాజేయరాదు. రాజేస్తే పణంలో ఎనిమిదో వంతు జరిమానా. తప్పనిసరైతే వంట ఇంటి బయట చేసుకోవాలి. రెండవది పనిముట్లకు సంబంధించినది. ప్రతి గృహస్థుడు నీటి కుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశం, కప్పుగడ్డిని పట్టి లాగే కొంకి, తోలుతిత్తి సిద్ధంగా ఉంచుకోవాలి. లేకుంటే పావు పణం జరిమానా. నిచ్చెన కప్పు ఎక్కడానికి, కొంకి మండే గడ్డిని లాగివేయడానికి, గొడ్డలి వాసాలు నరకడానికి అని ఊహించవచ్చు. అంటే మంటను ఆర్పడం ఎంత ముఖ్యమో, అది పక్కింటికి పాకకుండా నడుమ ఖాళీ సృష్టించడం కూడా అంత ముఖ్యమని గ్రంథకర్తకు తెలుసు.

మూడవ రకం నియమాలు ఊరి అమరికకు సంబంధించినవి. గడ్డి, చాపలు కప్పిన నిర్మాణాలను తొలగించాలి. నిప్పుతో బతికే వృత్తులవారిని ఒకేచోట నివసింపజేయాలి. గృహస్వాములు రాత్రివేళ తమ వాకిళ్ళ దగ్గరే ఉండాలి. వీధుల్లో, కూడళ్ళలో, ద్వారాల వద్ద వేలకొద్దీ నీటికుండలు వరుసగా ఉంచాలి.

నాలుగవది బాధ్యతకు సంబంధించినది. ఇల్లు తగలబడుతుంటే పరుగున వెళ్ళని గృహస్వామికి పన్నెండు పణాలు, అద్దెకున్నవానికి ఆరు పణాలు జరిమానా. అజాగ్రత్తవల్ల నిప్పంటిస్తే యాభైనాలుగు పణాలు. కావాలని నిప్పుపెట్టినవానికి అగ్నిలోనే మరణదండన. ఈ జరిమానాల మధ్య ఉన్న నిష్పత్తి గమనించదగినది. పనిముట్టు లేకపోవడం చిన్న తప్పు, సాయానికి వెళ్ళకపోవడం పెద్ద తప్పు, అజాగ్రత్త అంతకన్నా పెద్దది. సామెతలో చుట్టకు నిప్పడిగినవాడు అర్థశాస్త్రం దృష్టిలో శిక్షార్హుడు.

ఇవి ఆదర్శ నియమాలు. ఇవన్నీ అమలయ్యాయని చెప్పడానికి గ్రంథం ఒక్కటే ఆధారం కాజాలదు. అయినా వీటి వెనుక ఉన్న అనుభవం ఊహాజనితం కాదు. 2016 ఏప్రిల్‌లో బీహారు ప్రభుత్వం, గ్రామాల్లో వరుసగా అగ్నిప్రమాదాలు జరిగినప్పుడు, ఉదయం తొమ్మిది గంటల నుంచి సాయంత్రం ఆరు గంటల వరకు వంట చేయవద్దని ప్రజలకు సూచనలిచ్చింది. పాటలీపుత్రం ఉన్న నేల మీదే అర్థశాస్త్ర నియమం మరోసారి వినిపించింది. ఇంటికప్పు మారనంతకాలం దానికి తగిన జాగ్రత్త కూడా మారదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

3. తెలుగునాట ఇంటికప్పు – నిప్పు:

3.1. కప్పుల్లో ప్రాంతీయ భేదం:

తెలుగునాట ఇళ్ళు ఆయా ప్రాంతాల్లో దొరికే వస్తువుతోనే లేచాయి. కోస్తాలో తాటాకు, కొబ్బరాకు, రెల్లు, వరిగడ్డి విరివిగా దొరుకుతాయి. కనుక అక్కడ పూరిళ్ళు, తుపాను గాలికి తట్టుకొనే గుండ్రని చుట్టిళ్ళు ఎక్కువ. రాయలసీమలోను, తెలంగాణలోని మెట్టప్రాంతాల్లోను దూలాల మీద మట్టి పరచిన మిద్దెలు కనిపిస్తాయి. కలిగినవారి మండువా లోగిళ్ళకు, పెంకుటిళ్ళకు కుమ్మరి చేసిన గూనపెంకు కప్పుగా ఉండేది.

నిప్పు విషయంలో ఈ మూడూ ఒకటి కావు. మిద్దె మీద పడిన నిప్పురవ్వ మట్టిలోనే ఆరిపోతుంది. పెంకు మీద పడినది జారిపోతుంది. ఎండిన తాటాకు మీద పడినది క్షణాల్లో రాజుకొంటుంది. పూరింటి చూరు తలకు తగిలేంత కిందికి ఉంటుంది. వాకిట్లో పొయ్యి మంట కొంచెం లేస్తే చూరును అందుకోగలదు. రోహిణి కార్తె ఎండల్లో పడమటి గాలి తోడైతే ఒక ఇంటి మంట వాడ మొత్తాన్ని చుట్టబెడుతుంది.

ఇక్కడ సామాజికాంశం ముఖ్యమైనది. ఊరి నడుమ పెంకుటిళ్ళ మధ్య ఖాళీ జాగా, పెరడు, సొంత బావి ఉండేవి. ఊరి అంచున శ్రామికులు, దళితులు నివసించే వాడల్లో ఇళ్ళు ఇరుకిరుకుగా, కప్పులు ఒకదానికొకటి తగిలేలా ఉండేవి. నీటి వనరు దూరం. ఊరి బావిని ముట్టుకోనివ్వని అంటరానితనం ఆ దూరాన్ని మరింత పెంచింది. నిప్పుకు కులభేదం లేకపోయినా, నిప్పు పాకే దారిని, నీరు అందే దారిని నిర్ణయించినది మాత్రం ఆ అమరికే.

3.2. ఆచారాల్లో జాగ్రత్త:

పూరిళ్ళలో బతికినవారు తమవైన రక్షణ పద్ధతులను రూపొందించుకొన్నారు. స్థలమున్నవారు వంటపాకను విడిగా వేసుకొన్నారు. గడ్డివామిని దొడ్డిలో ఇంటికి ఎడంగా వేసేవారు. ధాన్యాన్ని నేలలో తవ్విన పాతరలో దాస్తే దొంగభయంతో పాటు అగ్నిభయం కూడా తగ్గేది. మట్టిగోడలో తొలిచిన దీపపు గూడు గాలికి దీపం ఆరకుండా కాచేది. మంట కప్పుగడ్డికి అందకుండానూ అదే కాపాడేది.

నిప్పును నిలవ ఉంచడంలోనూ ఒక పద్ధతి ఉంది. అగ్గిపెట్టెలు రాకముందు చెకుముకి రాయితో నిప్పు పుట్టించడం శ్రమతో కూడిన పని. అందుకే రాత్రి పొయ్యిలోని నిప్పుకణికలను బూడిదతో కప్పి, తెల్లవారి ఊది రాజేసుకొనేవారు. “నివురు గప్పిన నిప్పు” అనే నుడికారం ఈ గృహకృత్యం నుంచి పుట్టినదే. నిప్పు ఆరిపోతే పొరుగింటి నుంచి పిడక మీద నిప్పుకణిక తెచ్చుకొనేవారు. పాలు కాగడానికి దాలిలో పిడకలు సన్నగా కాలుతూ ఉండేవి. ఈ పద్ధతుల్లో మంట తక్కువ, కణిక ఎక్కువ. కాని నివురులో దాగిన కణిక గాలివీస్తే లేస్తుంది. పిడక మీది నిప్పు దారిలో రాలుతుంది. కనుక ప్రమాదం పూర్తిగా తొలగలేదు. వంటకు కూర్చునేముందు చీరకొంగు నడుముకు దోపుకోవడం ప్రతి ఆడపిల్లా తల్లిని చూసి నేర్చుకొన్న జాగ్రత్త.

ఇల్లు అంటుకొన్నప్పుడు ఊరివారు చేసే పని అర్థశాస్త్రం చెప్పినదే. బావి నుంచి ఇంటిదాకా వరుసగా నిలబడి కడవలు చేతులు మారుస్తారు. గాలివాలున ఉన్న పక్కింటి కప్పును ఊడబెరికి మంటకు దారి లేకుండా చేస్తారు. కాలని తన ఇంటిని ఊరి కోసం ఊడదీయడానికి ఒప్పుకొనే ఆ గృహస్థుని త్యాగం ఏ రికార్డులకూ ఎక్కలేదు.

4. అగ్గిపెట్టె, కిరసనాయిలు – కొత్త సౌకర్యం, కొత్త ప్రమాదం:

పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో రెండు వస్తువులు ఇంటి నిప్పు స్వభావాన్ని మార్చివేశాయి. మొదటిది అగ్గిపెట్టె. తొలినాటి పుల్లల్లో వాడిన తెల్లభాస్వరం విషపూరితం. ఏ గరుకు తలం మీద రాసినా మండేది. పెట్టె పక్కనున్న పూత మీద రాస్తేనే మండే భద్రమైన పుల్ల స్వీడనులో రూపొందింది. భారతదేశంలో 1913లో చేసిన చట్టం తెల్లభాస్వరం పుల్లలను నిషేధించింది. 1923లో శివకాశిలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలయ్యాక అవి దక్షిణాదిన ప్రతి ఇంటికీ చేరాయి. పొరుగింటి నుంచి నిప్పు తెచ్చుకొనే అవసరం తీరింది. కాని నిప్పు పుట్టించే శక్తి పిల్లల చేతికి కూడా అందింది.

రెండవది కిరసనాయిలు. అంతకుముందు తెలుగు ఇళ్ళలో దీపానికి ఆముదం ప్రధానమైన నూనె. ఆముదం చిక్కనిది. దాని ఆవిరి అంటుకోవాలంటే రెండువందల డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. ప్రమిద ఒరిగితే చాలాసార్లు వత్తి ఆ నూనెలోనే మునిగి ఆరిపోతుంది. కిరసనాయిలు పలుచనిది. సుమారు నలభై డిగ్రీల వేడికే దాని ఆవిరి అంటుకోగలదు. వేసవిలో కోస్తా, తెలంగాణ ప్రాంతాల్లో గాలి ఉష్ణోగ్రతే ఆ స్థాయికి చేరుతుంది. బుడ్డి దొర్లితే ఒలికిన నూనె చాప మీద, చీర మీద పరచుకొని మండుతుంది. అది నీటికన్నా తేలిక కనుక నీళ్ళు పోస్తే పైకి తేలి మంట మరింత వ్యాపిస్తుంది. తరతరాలుగా “నిప్పుకు నీరే మందు” అని నేర్చుకొన్న కుటుంబాలకు ఇది కొత్త పాఠం. ఇసుకో, తడిపిన గోనెపట్టాయో వేయాలన్న జ్ఞానం కిరసనాయిలు వ్యాపించినంత వేగంగా వ్యాపించలేదు.

భారతదేశంలో 1886, 1899, 1934లలో వచ్చిన పెట్రోలియం చట్టాలు నిలవ, రవాణాలను ప్రధానంగా క్రమబద్ధం చేశాయి. ఇంటిలోని గాజుబుడ్డి, రేకుబుడ్డి, సీసాకు కన్నం పెట్టి వత్తి దోపిన దీపం చట్టానికి అందనంత చిన్నవి. గాజు చిమ్నీ ఉన్న లాంతరు కొంత భద్రమైనదే కాని, దాన్ని కొనలేని ఇంటిలోనే తాటాకు కప్పు కూడా ఉండేది.

5. స్టవ్వు: ప్రమాదమా, నేరమా?

ఇరవయ్యో శతాబ్దిలో కిరసనాయిలు దీపం నుంచి పొయ్యిలోకి వచ్చింది. గాలికొట్టే పంపు స్టవ్వు, వత్తుల స్టవ్వు పట్టణాల్లోని మధ్యతరగతి వంటింట స్థిరపడ్డాయి. పొగ తగ్గింది, వంట త్వరగా ముగిసింది. అదే కాలంలో నైలాను, పాలియెస్టరు చీరలు వాడుకలోకి వచ్చాయి. నూలు బట్ట కాలి బూడిదవుతుంది. కృత్రిమ దారం మాత్రం కరిగి చర్మానికి అంటుకొని లోతైన గాయం చేస్తుంది. వెలుగుతున్న స్టవ్వులో నూనె పోయడం, పిన్నుతో కన్నం పొడవడం, నేలమీద స్టవ్వు పెట్టి కొంగు జార్చి వంచుకొని వండడం వంటివి నిజమైన ప్రమాదాలకు దారితీశాయి.

అయితే “స్టవ్వు పేలి గృహిణి మృతి” అని పత్రికల్లో తరచుగా కనిపించిన వార్తలన్నీ ప్రమాదాలు కావన్న విషయాన్ని 1970లు, 80లలో స్త్రీల ఉద్యమం బహిరంగంగా చెప్పింది. హైదరాబాదులో 1974లో ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘం మరుసటి ఏడాదే వరకట్నానికి వ్యతిరేకంగా ప్రదర్శనలు జరిపింది. కొత్త కోడలే కాలడం, అత్తగారికీ ఆడపడుచుకూ ఏమీ కాకపోవడం యాదృచ్ఛికమా అన్నది దేశవ్యాప్తంగా ఉద్యమకారిణులు వేసిన ప్రశ్న.

ఆ ప్రశ్న చట్టాన్ని కదిలించింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చాలలేదని తేలింది. 1983లో భారత శిక్షాస్మృతిలో భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరంగా పేర్కొనే 498-ఏ సెక్షను చేరింది. వివాహమైన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే విచారణ, శవపరీక్ష జరపాలని అదే ఏడాది నేరవిచారణ స్మృతిని సవరించారు. 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా నిర్వచించే 304-బి సెక్షను వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షనుగా కొనసాగుతోంది.

గృహభద్రత చరిత్రలో ఇది కీలకమైన మలుపు. అంతవరకు ఇంటిలోని నిప్పు బయటి శత్రువుగానో, అజాగ్రత్తగానో భావించబడింది. కుటుంబంలోనే ఒకరు మరొకరికి నిప్పు కాగలరని, అందరికీ నీడనిచ్చే ఇల్లు ఒకరికి లక్క ఇల్లు కాగలదని చట్టం అంగీకరించవలసి వచ్చింది. కుటుంబ భద్రత గురించిన ఏ చర్చ అయినా పనిముట్లు, ఇంధనాల దగ్గర ఆగిపోతే అసంపూర్ణమే.

6. చట్టాలు, అగ్నిమాపక శాఖ, పక్కా ఇళ్ళు:

వలస పాలనలో పురపాలక చట్టాలు మళ్ళీ కప్పు మీద దృష్టి పెట్టాయి. అనుమతి లేకుండా మండే పదార్థాలతో ఇంటికప్పు వేయరాదన్న నిబంధన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో ఉంది. గడ్డి, చాపల కప్పులను తొలగించమన్న అర్థశాస్త్ర నియమానికి ఇది ఆధునిక రూపం. ఇల్లు కోల్పోయే పేదకు ప్రత్యామ్నాయం ఏమిటన్న ప్రశ్నకు రెండింటిలోనూ సమాధానం లేదు.

ఆ ప్రత్యామ్నాయం మొదట పరిశ్రమ నుంచి వచ్చింది. మంగుళూరు దగ్గర జెప్పులో బాసెల్ మిషన్ 1865లో స్థాపించిన పెంకుల కర్మాగారంతో యంత్రపు పెంకు దక్షిణ భారతమంతటా వ్యాపించింది. తెలుగునాట బంగళా పెంకుగా స్థిరపడి, గడ్డికప్పును కొంతమేర తొలగించింది. నిరుపేదలకు మాత్రం అదీ అందలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన, పూరిల్లు గాలికీ నీటికీ కూడా నిలవదని విషాదకరంగా రుజువు చేసింది. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో కేంద్ర ప్రభుత్వం ఇందిరా ఆవాస్ యోజన ప్రారంభించింది. ఈ పథకాలను సంక్షేమంగా చూడడమే పరిపాటి. వాస్తవానికి అవి తెలుగు గ్రామాల్లో జరిగిన అతిపెద్ద అగ్ని నివారణ చర్యలు కూడా. కప్పు సిమెంటుదైనప్పుడు ఒక ఇంటి మంట వాడ మంట కావడం అరుదవుతుంది.

అగ్నిమాపక సేవలు పట్టణాల్లో మొదలై నెమ్మదిగా విస్తరించాయి. మద్రాసులో ఈ శాఖ 1908లో ఏర్పడింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ నౌక పేలినప్పుడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999లో వచ్చింది. 1970లో తొలిసారి వెలువడిన జాతీయ భవన నిర్మాణ నియమావళి అగ్నిభద్రతకు ఒక భాగాన్ని ప్రత్యేకించింది. అయితే తనిఖీలు, అనుమతులు ఎత్తయిన భవనాలకు, జనం గుమికూడే స్థలాలకు పరిమితం. సామాన్యుని ఇంటి గడప లోపల భద్రత ఆ ఇంటివారి చేతిలోనే ఉంది.

7. గ్యాసు, విద్యుత్తు – కనిపించని నిప్పు:

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం పేద కుటుంబాలకు వంటగ్యాసును చేరువ చేశాయి. పొగ, నిప్పురవ్వ, ఒలికే నూనె తగ్గాయి. కాని ప్రమాదం రూపు మార్చుకొంది. కట్టెల మంట కంటికి కనిపిస్తుంది. గ్యాసు కనిపించదు. అందుకే దానికి ఘాటైన వాసన గల మెర్కాప్టాన్‌ను కలుపుతారు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. కారితే నేల మీద పరచుకొంటుంది. కనుక సిలిండరు కన్నా పొయ్యి ఎత్తున ఉండాలి, నేలకు దగ్గరగా గాలి పోయే దారి ఉండాలి. వాసన వస్తే స్విచ్చి వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరచి, బయటికి వచ్చి, 1906 నంబరుకు ఫోను చేయాలి. దీపం వెలిగించి వెతకడం పాతకాలపు అలవాటు. ఇక్కడ అదే ప్రాణాంతకం.

విద్యుత్తు నిప్పు గోడలోపల పుడుతుంది. ఒకటి రెండు దీపాలకు వేసిన తీగల మీద కూలరు, ఫ్రిజ్జు, ఏసీల భారం పడితే తీగ వేడెక్కి పైపూత కరుగుతుంది. ఫ్యూజు పోయినప్పుడు లావు తీగ చుట్టడం అనేక ఇళ్ళలో కనిపించే అలవాటు. ప్రమాదాన్ని ఆపవలసిన పరికరాన్నే అది పనికిరాకుండా చేస్తుంది.

2025 మే 18న హైదరాబాదులో చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద, దుకాణాలూ నివాసమూ కలిసి ఉన్న భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది మరణించారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. విద్యుత్ షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా గుర్తించారు. పైఅంతస్తుకు దారి ఇరుకుగా ఉండడం తప్పించుకోవడానికీ రక్షించడానికీ కూడా అడ్డయింది. ఇల్లు తాటాకుది కాదు, ఊరికి దూరమైనదీ కాదు. పక్కా కప్పు మంటను పక్కింటికి పాకనివ్వదు. కాని దారి లేనప్పుడు పొగను లోపలే బంధిస్తుంది. పూరింట్లో కప్పు ప్రాణాంతకమైతే, పక్కా ఇంట్లో మూసుకుపోయిన దారి ప్రాణాంతకమవుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. అర్థశాస్త్రం పేర్కొన్న కాలనియమం, పనిముట్ల సిద్ధత, ఊరి అమరిక, సామూహిక బాధ్యత నేటికీ గృహాగ్ని నివారణకు నాలుగు మూలస్తంభాలుగా నిలుస్తాయి.

2. తెలుగునాట అగ్నిభయం ప్రధానంగా కప్పు స్వభావాన్ని, ఇళ్ళ మధ్య ఎడాన్ని, నీటి అందుబాటును అనుసరించింది. ఈ మూడింటినీ ఆర్థిక స్థితి, కులం నిర్ణయించాయి.

3. ఆముదం నుంచి కిరసనాయిలుకు, కట్టెల నుంచి గ్యాసుకు మారిన ప్రతి దశలోనూ వస్తువు ముందు వచ్చింది, దాన్ని వాడే జ్ఞానం వెనుక వచ్చింది. ఆ వ్యవధిలోనే ప్రాణనష్టం జరిగింది.

4. స్త్రీల ఉద్యమం, 1983–86 నాటి చట్ట సవరణలు వంటింటి మరణాన్ని ప్రమాదమనే ముసుగు నుంచి బయటికి తీశాయి. గృహభద్రత అంటే ఇంటిలోని మనుషుల మధ్య భద్రత కూడా.

5. నేటి ఇంటికి కావలసినవి ఖరీదైనవి కావు. సరైన మందం గల తీగలు, తగిన ఎం.సి.బి., లీకేజిని గుర్తించి విద్యుత్తును ఆపే ఆర్.సి.సి.బి., గడువు తీరని గ్యాసు గొట్టం, సామాను పేర్చని మెట్లదారి, లోపలి నుంచి తేలికగా తీయగల గ్రిల్లు ఉంటే చాలు. బట్టలంటుకొంటే పరుగెత్తక నేల మీద దొర్లాలని, కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీటిధార పెట్టాలని, 101కు గాని 112కు గాని ఫోను చేయాలని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.

వేసవి పగలు నిప్పు రాజేయవద్దన్న పాత నియమం నేటి వంటింటికి యథాతథంగా వర్తించదు. దాని వెనుకనున్న సూత్రం మాత్రం వర్తిస్తుంది. తాను వాడే నిప్పు ఎలాంటిదో, తన ఇల్లు దేనితో కట్టినదో తెలుసుకొని దానికి తగిన నియమం ముందే ఏర్పరచుకోవాలి. బావి తవ్వవలసింది ఇల్లు కాలకముందే.